మేనమామ కత్తెర: గేటు దాకా వచ్చి వెనుదిరిగిన మనిషి కేసు

మా మానసిక వైద్య క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ల రిజిస్టరు ఇప్పటికీ చేత్తో రాసేదే. ఒక ఏడాది జూన్ నుంచి ఆగస్టు దాకా తిరగేస్తే ఒకే ఫోన్ నంబరు మూడుచోట్ల కనబడుతుంది. మూడూ శనివారాలు, మూడూ సాయంత్రం చివరి టోకెన్లు. మూడింటి పక్కనా మా రిసెప్షనిస్టు ఎర్ర సిరాతో 'రాలేదు' అని రాసి పెట్టింది. నిజానికి మూడుసార్లూ వచ్చాడని తర్వాత తెలిసింది. మొదటిసారి గుంటూరు బస్టాండులో దిగి అదే ప్లాట్‌ఫాం మీద తిరుగు బస్సెక్కాడు. రెండోసారి మా వీధి చివర టీ బంకు దాకా వచ్చాడు. మూడోసారి మెట్లు కూడా ఎక్కాడు. అద్దాల తలుపులోంచి హాల్లో కూర్చున్న పదిహేనుమందిని చూసి, చెప్పులు విప్పకుండానే దిగిపోయాడు.

ఇప్పుడు చూస్తే ఈ కేసు షీటుకు మొదటి పేజీ ఆ ఎర్ర సిరా రాతలే.

అతని బాధ పేరు సోషల్ ఫోబియా, అంటే నలుగురూ చూస్తారన్న భయం జబ్బయ్యేంత ముదరడం. అతని అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వీలు లేకుండా ఊరు, ఉద్యోగం, కుటుంబం వివరాలు కొన్ని మార్చాను. పేరుకు బదులు మేనమామ అంటాను. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

నాలుగోసారి వాళ్లక్క వెంటబెట్టుకుని వచ్చింది. ఆ రోజు తప్పు నాదే. కొత్తవాళ్ల చేత ఒక ఫారం నింపించడం మా దగ్గర అలవాటు. ఫారం, పెన్ను అతని ముందుకు జరిపి, కుర్చీలో వెనక్కి వాలి చూస్తూ కూర్చున్నాను. పెన్ను పట్టుకున్నాడు గానీ మొన కాయితానికి ఆనడం లేదు. మెడ మీద చెమట కాలరులోకి జారుతోంది. "కళ్లజోడు మర్చిపోయానండీ" అన్నాడు. 29 ఏళ్ల కుర్రాడు, ముక్కు మీద కళ్లజోడు నొక్కిన గుర్తు కూడా లేదు. అక్కడైనా నాకు తట్టాల్సింది. "పర్లేదు, నిదానంగా రాయండి" అంటూ ఇంకా చూశాను. ఫోనొచ్చిందని లేచి బయటికి వెళ్లాడు, అంతే. నలుగురి ముందు చెయ్యి ఆడక బాధపడి వచ్చినవాణ్ణి, పాతికేళ్ల ప్రాక్టీసు ఉన్న నేను కూర్చోబెట్టి చేసిన మొదటి పని అదే: అతని చేతి వైపు చూడటం.

లోపల అక్క ఒక్కతే మిగిలింది. "మావాడు మంచోడే సార్, కాస్త మొహమాటం. జనంలోకి రాడు. మా పెద్దాడి పుట్టువెంట్రుకలక్కూడా రాలేదు" అంది. కోటప్పకొండ మీద ముహూర్తం పెట్టుకున్నారు. పొద్దున్నే జ్వరమని ఫోను చేశాడు. మేనమామ లేని పుట్టువెంట్రుకలంటే అత్తగారి వైపు నుంచి ఎన్ని మాటలు పడాలో తెలుగిళ్లలో చెప్పక్కర్లేదు. చివరికి వరసకు తమ్ముడయ్యే ఎవరినో పిలిచి ఆ మూడు కత్తెర్లూ వేయించారు. అక్క ఎనిమిది నెలలు మాట్లాడలేదు. ఆ జ్వరం అబద్ధమని ఆమెకు అప్పుడే తెలుసు. ఎందుకు ఆడాడో మాత్రం తెలియదు. ఇప్పుడు రెండో కాన్పు పాప. పదకొండో నెలలో, అంటే ఏప్రిల్లో, తలనీలాలు తీయించాలి, చెవులూ కుట్టించాలి. రెండింటికీ మేనమామ ఒళ్లోనే కూర్చోబెట్టాలి.

అతను మళ్లీ వచ్చింది అక్టోబరులో. ఈసారి హాలు ఖాళీ అయ్యాక రమ్మన్నాం. ఫారం తీయలేదు. మాటల మధ్యలో "ఇక్కడొక సంతకం పెట్టండి" అని కాయితం బల్ల మీద ఉంచి, చేతులు కడుక్కునే నెపంతో సింకు వైపు తిరిగాను. కుళాయి చప్పుడులోనే పెన్ను సర్రున కదిలిన శబ్దం వినపడింది. తిరిగి చూస్తే చక్కటి సంతకం, కింద గీత, రెండు చుక్కలు. తర్వాత నేను చూస్తుండగా ఇంకొకటి పెట్టమన్నాను. రెండోది చూస్తే అది వేరే మనిషి సంతకం అంటారు. ఒంటరిగా ఉన్నప్పుడూ వణికే చెయ్యి అయితే థైరాయిడ్, నరాల జబ్బు, వంశంలో వచ్చే వణుకు, వాడే మందులు అన్నీ వరసగా చూడాలి. చూసేవాళ్లుంటేనే వణుకుతుందంటే దారి వేరు. అయినా థైరాయిడ్ సంగతి తేల్చే టీఎస్‌హెచ్ పరీక్ష చేయించాను, మామూలుగానే ఉంది.

మొదలైంది ఎనిమిదో తరగతిలో, 13 ఏళ్లప్పుడు. జిల్లా పరిషత్ హైస్కూల్లో పాఠం పైకి చదవమన్నారు. రెండో వాక్యంలో గొంతు పూడుకుపోయింది, క్లాసంతా నవ్వింది. నవ్వినవాళ్లు సాయంత్రానికి మర్చిపోయి ఉంటారు. ఇతను ఆ రోజు వేసుకున్న చొక్కా రంగుతో సహా చెప్పాడు. ఈ జబ్బు చాలామందిలో 8 నుంచి 15 ఏళ్ల మధ్యే తలెత్తుతుంది. ఆ వయసు పిల్లవాడు నోరు మెదపకపోతే మనం బుద్ధిమంతుడంటాం.

ఆ తర్వాత పదహారేళ్ల కథంతా తప్పించుకోవడమే. ఇంటర్లో ప్రాక్టికల్స్ వైవాకి ముందురోజు వాంతులు. డిగ్రీలో సెమినారున్న రోజు సెలవు. గ్రామ సచివాలయాలు 2019లో పెట్టినప్పుడు పరీక్ష రాసి డిజిటల్ అసిస్టెంటుగా ఎంపికయ్యాడు. రాతపరీక్ష కాబట్టే నెగ్గాడని అతనే అన్నాడు. వీపు వెనక గోడ ఉండేలా కుర్చీ వేసుకున్నాడు. ఎవరైనా వెనక నిలబడి తెర చూస్తుంటే వేళ్లు తడబడతాయి. రసీదుల మీద జనం ముందు సంతకం పెట్టాల్సి వస్తుందని, పొద్దున తొమ్మిదికే ఆఫీసు తెరిచి ఖాళీ రసీదుల మీద ఇరవై సంతకాలు ముందే పెట్టేసుకునేవాడు. ఆ ఖాళీ రసీదు ఎవరి చేతిలో పడినా ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు, అతనికి నాకంటే బాగా తెలుసు. తెలిసీ అయిదేళ్లు చేశాడు. మండల ఆఫీసులో కాస్త మంచి సీటు వస్తే వద్దని రాసిచ్చాడు. రెండు పెళ్లిచూపులు ఎగ్గొట్టాడు. మూడో దానికి వెళ్లి, కాఫీ కప్పు సాసర్‌తో సహా అందుకున్నాడు. కప్పు గలగలమంది. అమ్మాయి తండ్రి అటు చూశాడు. కాఫీ తాగనని కింద పెట్టేశాడు. "తాగేవాడివేగా" అంది పక్కనే ఉన్న అమ్మ. ఆ సంబంధం ఎందుకు తప్పిపోయిందో ఇప్పటికీ ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

రెండేళ్లుగా ఇంకొకటి మొదలైంది. ఏదైనా ఫంక్షనుకు వెళ్లక తప్పకపోతే ముందొక క్వార్టరు. "తాగితే చెయ్యి ఆగుతుంది సార్" అన్నాడు. ఆగుతుంది, అబద్ధం కాదు. నన్ను అన్నిటికన్నా కంగారుపెట్టింది అదే.

ఇక అసలు సంగతికి వస్తాను. డాక్టరు దగ్గరికి వెళ్లాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి ఇతను ఫోనులో రాసుకున్న నోట్ ఒకటి చూపించాడు. 'వద్దు' కింద అయిదు వాక్యాలు. ఇది రోగం కాదు, నా పిరికితనం. మందులు మొదలుపెడితే జీవితాంతం. తెలిస్తే సంబంధాలు రావు. ఆఫీసులో ఎర్రగడ్డ కేసంటారు. అయిదోది: 'డాక్టరుకేమని చెప్పాలి? ఆయన నవ్వితే?' 'వెళ్లాలి' కింద ఒకే ఒక్క మాట ఉంది. 'పాప.'

ఆ అయిదో వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. మొదటి నాలుగూ అతను రాసినవి, అయిదోది అతని జబ్బు రాసింది. కాలు విరిగినవాడు కుంటుకుంటూనైనా ఆసుపత్రికి వస్తాడు. ఈ బాధలో మాత్రం ఆసుపత్రికి వెళ్లడమే విరిగిన కాలు. ఫోన్ చేసి టోకెన్ అడగాలి, హాల్లో నలుగురి మధ్య కూర్చోవాలి, పేరు పిలిస్తే లేవాలి, కొత్తమనిషి కళ్లలోకి చూస్తూ సిగ్గుపడే సంగతి చెప్పాలి. ఇతను భయపడేవన్నీ ఒక్క గంటలో వరసగా వస్తాయి. అందుకే ఈ బాధ ఉన్నవాళ్లు నా దగ్గరికి చేరేసరికి పదేళ్లు దాటడం మామూలైపోయింది. అప్పటికి వాళ్లు చెప్పే కారణం కూడా ఇది కాదు. నిద్ర పట్టడం లేదనో, తాగుడనో, మనసు బాగోలేదనో వస్తారు.

పిరికితనం అన్న మాటకు ఏం చెప్పాలి? మన భాషలో దీని చుట్టుపక్కల మాటలు చాలా ఉన్నాయి: సిగ్గు, బిడియం, మొహమాటం, సభాకంపం. ఒక్కటీ తిట్టు కాదు. మొహమాటస్తుడంటే సగం మెచ్చుకోలే. అందుకే దాక్కోవడం తేలిక. కానీ మొహమాటపడేవాడు ఎదుటివాడు నొచ్చుకుంటాడని ఆలోచిస్తాడు, వద్దనలేక రెండో గారె కూడా తింటాడు. ఇతను పంక్తిలో కూర్చోనే కూర్చోడు. చెయ్యి వణికి సాంబారు ఒలుకుతుందని, పక్కవాళ్లు చూస్తారని, చూసి నవ్వుకుంటారని. ఇక రోగమా కాదా అంటే, మా వృత్తే దీన్ని ఆలస్యంగా ఒప్పుకుంది. సోషల్ ఫోబియా అన్న పేరుతో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణలోకి ఎక్కింది 1980లో. అందాకా అందులో దీనికి విడిగా పేరే లేదు.

మందులు జీవితాంతం అన్నది తప్పు, కొంతకాలం మాత్రం వాడాలి. సంబంధాల సంగతి నేను తీసిపారేయలేదు. మన ఊళ్లలో ఆ భయానికి కారణం ఉంది. చట్టం మాత్రం చెప్పాను: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం అతని చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకోవడం అతని హక్కు. మా క్లినిక్ నుంచి ఆఫీసుకు గానీ చుట్టాలకు గానీ మాట వెళ్లకూడదు. చట్టం గురించి విన్నప్పుడు కాదు, టోకెను పుస్తకంలో పేరు లేకుండా నంబరే రాస్తామన్నప్పుడు అతని భుజాలు కిందికి దిగాయి.

మరి సిగ్గుపడే ప్రతివాళ్లూ డాక్టరు దగ్గరికి రావాలా? అక్కర్లేదు. అదే నెలలో ఒక డిగ్రీ అమ్మాయి వచ్చింది, సెమినారు ముందు గుండె దడదడలాడుతుందని. సెమినారు ఇచ్చావా అంటే ఇచ్చానంది. రెండు నిమిషాలయ్యాక దడ తగ్గిందంది. స్నేహితులున్నారు, పెళ్లిళ్లకు వెళ్తుంది, షాపులో బేరమాడుతుంది. మందు రాయకుండా పంపించాను. వాళ్ల నాన్న కాస్త నిరుత్సాహపడ్డాడు కూడా, అంతదూరం వచ్చాం ఒక్క మాత్రయినా లేదా అని. భయం ఎంత పెద్దదన్నది నేను ముందు అడగను. ఈ ఏడాదిలో దీనివల్ల ఏమేం మానేశారో చెప్పమంటాను. ఆ అమ్మాయికి చెప్పడానికేమీ లేకపోయింది. మేనమామ చెప్పుకుంటూ పోతే నా కాయితం రెండోవైపు కూడా నిండింది. అలా మానేసుకుంటూ ఆరు నెలలు దాటితే, చదువో ఉద్యోగమో పెళ్లో కుదేలైతే, రావాల్సిందే. ధైర్యం కోసం తాగడం మొదలైనా, బతకడం దేనికన్న ఆలోచన వచ్చినా ఆరు నెలలు లెక్కపెట్టకూడదు, ఆ వారమే రావాలి.

ఎవరి ముఖమూ చూడకుండా మొదలుపెట్టాలనుకునేవాళ్లకు 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది, నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. ఇతనికి ఆ నంబరు ముందే తెలుసు. రెండుసార్లు నొక్కి, అవతల 'హలో' వినగానే పెట్టేశాడట. అదీ ఒక ప్రయత్నమే అన్నాను. నవ్వాడు. నా గదిలో అతను నవ్వడం అదే మొదలు.

భయం కొలవడానికి 17 ప్రశ్నల పట్టిక ఒకటి వాడతాం, మొత్తం 68 మార్కులు. 19 దాటితే అనుమానించాలి. ప్రశ్నలు నేనే తెలుగులో చదివి, అతన్ని నోటితోనే చెప్పమన్నాను. 47 వచ్చింది. దిగులు జబ్బు స్థాయిలో లేదు. కారణం లేకుండానే ఉన్నట్టుండి దడ పట్టుకునే పానిక్ జబ్బు కాదు, ఒంటరిగా ఉన్నప్పుడు దడ రాదు. తాగుడు అలవాటుగానే ఉంది, ఇంకా బానిస కాలేదు.

ముందు పెట్టిన దారులు మూడు: మాటల చికిత్స ఒక్కటే, మందొక్కటే, రెండూ కలిపి. ఏప్రిల్ తరుముతోంది కాబట్టి రెండూ కావాలన్నాడు. నిజానికి అతను వచ్చింది మరో మందు కోసం. స్టేజీ ఎక్కే పాటగాళ్లు వేసుకునే వణుకు మాత్ర ఉంటుందటగా సార్, కత్తెర ముందు అదొకటి వేసుకుంటాను, చాలు అన్నాడు. అతను అడిగింది ప్రొప్రనొలాల్. ఎప్పుడో ఒకసారి ఉపన్యాసం ఇవ్వాల్సినవాళ్లకు కొందరు డాక్టర్లు రాస్తారు. చిన్నప్పుడు పిల్లికూతలు వచ్చేవా అని అడిగాను. ఇప్పటికీ చలికాలంలో ఇన్‌హేలర్ వాడతానన్నాడు. ఉబ్బసం ఉన్నవాడికి ఆ మాత్ర ప్రమాదం. మందుల షాపులో అడిగితే ఎవరో ఒకరు ఇచ్చేసి ఉండేవారు, ఆ ప్రశ్న అడక్కుండానే. క్లోనజెపామ్ లాంటి మత్తు మాత్రలు కూడా రాయలేదు. క్వార్టరు చేసే పనే అవీ చేస్తాయి, అలవాటూ అలాగే చేస్తాయి.

ఎస్సిటాలోప్రామ్ అనే మందు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, పది రోజులకు 10 చేశాను. మొదటి వారం కడుపులో తిప్పుతుందని, కంగారు కాస్త పెరిగినట్టే ఉంటుందని, గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని ముందే చెప్పాను. చెప్పకపోతే నాలుగో రోజే ఆపేస్తారు. చెప్పినా ఇతను ఆపేశాడు, కాకపోతే తొమ్మిదో వారంలో. వాళ్లమ్మ స్ట్రిప్పు చూసి, పక్కింటి కుర్రాడి చేత ఇంటర్నెట్‌లో వెతికించింది. దిగులుకు వాడే మందని తెలిసి ఒకటే ఏడుపు. రెండు రోజులకు తల తిరగడం, ఒంట్లో కరెంటు తీగ తగిలినట్టు జలదరింపు. అది మందుకు బానిసవడం కాదు, ఒక్కసారిగా మానడం వల్ల వచ్చే ఇబ్బంది. ఆమెనీ పిలిపించి అరగంట కూర్చున్నాను. "మా పిల్లోడికి పిచ్చేం లేదుగా బాబూ" అని మూడుసార్లు అడిగింది. లేదని మూడుసార్లూ చెప్పాను. ఆ తర్వాత పొద్దున్నే మాత్ర ఆమే చేతిలో పెట్టడం మొదలుపెట్టింది.

అసలు పని జరిగింది మా సైకాలజిస్టు గదిలో, 12 వారాలు. ఆమె చేసిన ఒక్క ప్రయోగం చెప్తాను. స్టీలు గ్లాసులో సగమే టీ పోయించుకుని రెండు చేతులతో పట్టుకోవడం ఇతని అలవాటు. గాజు గ్లాసు నిండా పోసి, ఒంటి చేత్తో తాగమని, ఫోనులో వీడియో తీసింది. తాగాక, "మీ చెయ్యి పదికి ఎంత వణికి ఉంటుంది?" అని అడిగింది. తొమ్మిదన్నాడు. తర్వాత వీడియో పెట్టి, తెలియని మనిషిని చూస్తున్నట్టు చూసి చెప్పమంది. రెండుసార్లు వెనక్కి జరిపించుకుని చూశాడు. "మూడు... రెండున్నర" అన్నాడు. పదహారేళ్లుగా అతను లోకం కళ్లతో తనను చూసుకుంటున్నాననుకున్నాడు గానీ, చూసుకున్నది తన దడ లోపలి నుంచే. గట్టిగా రెండు చేతులతో పట్టుకోవడం వల్లే వణుకు పెరుగుతుందన్నది ఆ తర్వాతి వారం తేలింది. ఇంటికెళ్లి రాత్రి ఒంటిగంట దాకా జరిగినదాన్ని పోస్టుమార్టం చేయడం మానడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

తర్వాత అభ్యాసాలు. బట్టల షాపులో ఆరు చొక్కాలు తీయించి ఏదీ కొనకుండా రావడం. బ్యాంకు కౌంటరులో గుమస్తా చూస్తుండగా నెమ్మదిగా సంతకం. ముందే సంతకాలు పెట్టిన రసీదులు చించేయడం. అన్నిటికన్నా కష్టమైనది, వణుకును దాచకుండా పైకి చెప్పడం. నా చెయ్యి కాస్త వణుకుతుందండీ అని సాధన చేయడానికి మొదట మా అటెండరు దొరికాడు. "నాకూ వణుకుద్ది సార్, షుగరు" అన్నాడట అతను.

మే నెలలో ఒక్కడే వచ్చాడు. కోటప్పకొండ వీడియో తెచ్చాడు. పాప ఒళ్లో గింజుకుంటోంది. మొదటి కత్తెరకు చెయ్యి వణకడం స్పష్టంగా కనబడుతోంది. వెనక నుంచి ఎవరో ముసలాయన గొంతు: "మామకి చెయ్యి వణుకుతోందే!" నవ్వులు. నేను తెలియకుండానే ఊపిరి బిగబట్టాను. వీడియోలో ఇతను తలెత్తకుండా, "అవునండీ, వణుకుద్ది" అని రెండో కత్తెర వేశాడు. మూడోది పాప తల తిప్పడంతో గాలిలో పడింది, మళ్లీ వేశాడు. ఆ రోజు క్వార్టరు తాగలేదని అడక్కుండానే చెప్పాడు.

పట్టికలో ఇప్పుడు 22. హద్దు ఇంకా దాటే ఉంది. మందు ఇంకో ఏడాదైనా కొనసాగించాలి, మానేటప్పుడు మెల్లగా తగ్గించాలి. సంబంధాలు మళ్లీ చూస్తున్నారు. ఆఫీసు వీడియో కాన్ఫరెన్సులో మాత్రం ఇప్పటికీ కెమెరా ఆపేసే కూర్చుంటున్నాడు. ఎందుకని అడిగితే నెట్ సరిగ్గా రావడం లేదన్నాడు. వచ్చే నెల మొదటి శనివారం, సాయంత్రం ఆరుకు రమ్మన్నాను, నెట్ సంగతి మాట్లాడదామని.